గుర్రం లేని బండి – కార్ల్ బెంజ్ జీవితం

ఒక మనిషి పేరు ఒక వస్తువు పేరుగా స్థిరపడిపోయిన తరువాత, ఆ మనిషిని లోకం మరచిపోవడం కద్దు. బెంజ్ అన్న మాట వినగానే మనకు స్ఫురించేది ఖరీదైన మోటారుకారే కాని, ఆ పేరు ధరించిన మనిషి కాదు. 1954లో టాటా సంస్థ జర్మనీలోని డైమ్లర్-బెంజ్ కంపెనీతో ఒప్పందం చేసుకొని లారీలు తయారు చేయనారంభించిన నాటినుంచి ఆ పేరు మన దేశపు రహదారుల మీదికి కూడ వచ్చింది. విజయవాడలో అనేక వాహనాలు కలుసుకొని విడిపోయే ఒక పెద్ద కూడలిని నేటికీ బెంజ్ సర్కిల్ అనే పిలుస్తారు. ఆ పేరు ఒక రైలు ఇంజను డ్రైవరు కుమారుడిదనీ, రెండేండ్లు నిండకమునుపే తండ్రిని కోల్పోయి, నలభై యేండ్లు వచ్చేవరకు అప్పులతోను అపజయాలతోను పెనుగులాడిన ఒక యంత్రశిల్పిదనీ ఎరిగినవారు అరుదు. ఆ యంత్రశిల్పి తయారు చేసిన బండిని లోకం నమ్మక మునుపే నమ్మిన ఒక స్త్రీ ఉన్నదని ఎరిగినవారు ఇంకా అరుదు.

మోటారుకారును ఎవరు కనిపెట్టారన్న ప్రశ్నకు ఒక్క పేరుతో సమాధానం చెప్పడం సులభం కాదు. 1769లోనే ఫ్రాన్సు దేశంలో క్యూన్యో అనే సైనిక ఇంజనీరు ఫిరంగులను లాగడానికై ఆవిరితో నడిచే మూడు చక్రాల బండిని నిర్మించాడు. కాని ఆవిరియంత్రానికి బాయిలరు కావాలి, బొగ్గు కావాలి, నీరు కావాలి. ఇంత భారాన్ని మోస్తూ ఇనుప పట్టాల మీద పరుగెత్తడం సాధ్యమే కాని, మామూలు బాటమీద పోవడం కష్టం. బయట నిప్పు రగిల్చి నీటిని మరిగించడానికి బదులు, సిలిండరు లోపలనే ఇంధనాన్ని మండించి ఆ విస్ఫోటనంతో యంత్రాన్ని తిప్పవచ్చునన్న ఆలోచన దీనికి పరిష్కారం. 1860లో పారిసు నగరంలో లెన్వార్ అట్టి గ్యాసు ఇంజనును తయారు చేశాడు. 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో నాలుగు దశలలో పనిచేసే ఇంజనును నిర్మించాడు. ఇంధనాన్ని పీల్చుకోవడం, అదమడం, మండించడం, పొగను బయటికి నెట్టడం అన్నవే ఆ నాలుగు దశలు. నేటి పెట్రోలు ఇంజనులు కూడ ఆ పద్ధతిలోనే పనిచేస్తున్నాయి. అయితే ఆ నాటి గ్యాసు ఇంజనులు కార్ఖానాలలో నేలకు బిగించి ఉంచే బరువైన యంత్రాలు. వాటిని చిన్నవిగా, తేలికగా, వేగంగా తిరిగేట్లు చేసి బండికి ఎక్కించడం ఎట్లా అన్నదే సమస్య. ఆ సమస్యను సాధించడానికే కార్ల్ బెంజ్ తన జీవితాన్ని ధారపోశాడు.

1844 నవంబరు 25న కార్ల్స్‌రూయె నగరాన్ని ఆనుకొని ఉన్న మ్యూల్‌బుర్గ్‌లో బెంజ్ జన్మించాడు. అప్పటికి జర్మనీ ఏకదేశంగా ఏర్పడలేదు. ఆ ప్రాంతం బాడెన్ సంస్థానంలోనిది. తండ్రి యోహాన్ గియోర్గ్ బెంజ్ ఆ సంస్థానపు రైల్వేలో ఇంజను డ్రైవరు. 1846లో ఆయన న్యుమోనియా వ్యాధితో మరణించాడు. రెండేండ్లయినా నిండని పసివాడితో తల్లి జోసెఫీన్ ఒంటరిదై మిగిలింది. భర్త వదలివెళ్లిన ఆస్తి ఏమీ లేదు. ఆమె విద్యార్థులకు ఇంట బస యిచ్చి, వండిపెట్టి, ఆ వచ్చిన కొద్దిపాటి డబ్బుతో కుమారుణ్ణి పెంచింది. కుమారుడు ప్రభుత్వంలో ఏదైనా స్థిరమైన ఉద్యోగంలో కుదురుకోవాలని ఆమె కోరిక. భర్తను పొట్టన పెట్టుకున్న యంత్రాల లోకంలోనికే కొడుకు కూడ పోవాలని ఏ తల్లి కోరుతుంది? కాని బాలుని మనస్సు యంత్రాల మీదనే లగ్నమై ఉండడం చూచి, తన కోరికను తానే ఉపసంహరించుకొని అతనికి ఇష్టమైన చదువే చెప్పించింది. పాడైన గడియారాలను బాగుచేసి బాలుడు కూడ కొంత సంపాదించేవాడు. బెంజ్ జీవితంలో నమ్మకం అనే మూలధనాన్ని మొదట పెట్టినది ఆ తల్లియే.

1860లో, పదునైదేండ్ల వయస్సులో, అతడు కార్ల్స్‌రూయె పాలిటెక్నిక్‌లో చేరాడు. అప్పుడు అక్కడ యంత్రనిర్మాణశాస్త్రం బోధిస్తున్న ఆచార్యుడు ఫెర్డినాండ్ రెడ్టెన్‌బాఖర్. అనుభవంతోను ఊహతోను మాత్రమే యంత్రాలు తయారవుతూండిన కాలంలో, యంత్రనిర్మాణాన్ని గణితం మీదను శాస్త్రసూత్రాల మీదను నిలబెట్టిన మహోపాధ్యాయుడాయన. ప్రతి భాగాన్నీ లెక్క వేసి చూచుకోనిదే ముందుకు పోరాదన్న గుణం బెంజ్‌కు ఆ తరగతిలోనే అలవడింది. ఆ గుణమే తరువాత అతనికి బలమూ అయింది, బలహీనత కూడ అయింది. 1864లో, పందొమ్మిదేండ్లకే, అతడు పట్టం పుచ్చుకొని బయటికి వచ్చాడు.

పట్టం చేతికి వచ్చినంత మాత్రాన దారి కనబడలేదు. మొదట కార్ల్స్‌రూయెలోని ఒక యంత్రాల కార్ఖానాలో రెండేండ్లు చేతులకు మసి పూసుకొని సామాన్య పనివానివలె పనిచేశాడు. ఆ తరువాత మాన్‌హైమ్ నగరంలో తూనికయంత్రాల కర్మాగారంలో నమూనాలు గీసే ఉద్యోగం, అటు పిమ్మట ఫోర్ట్స్‌హైమ్ పట్టణంలో వంతెనలు నిర్మించే సంస్థలో మరొక ఉద్యోగం. ఈ కాలంలోనే అతడు కొయ్యచట్రంతో చేసిన ఆ నాటి మోటు సైకిలు ఒకటి సంపాదించి, గతుకుల బాటల మీద తొక్కుకుంటూ తిరిగేవాడు. కాళ్లు చేసే ఈ పనిని ఒక యంత్రమే చేయగలిగితే, గుర్రమూ లేకుండా పట్టాలూ లేకుండా మనిషి తన ఇష్టమైన చోటికి పోగలడు గదా అన్న ఊహ ఆ సైకిలు మీదనే మొలకెత్తింది. 1870లో తల్లి మరణించింది. కుమారుని పేరు లోకానికి వెల్లడి కావడం ఆమె చూడలేదు.

1871లో ఆగస్ట్ రిట్టర్ అనే భాగస్వామితో కలిసి బెంజ్ మాన్‌హైమ్‌లో ఒక చిన్న కార్ఖానా తెరిచాడు. ఆ భాగస్వామ్యం ఏడాదియైనా సరిగా సాగలేదు. రిట్టర్ వాటాను కొని అతణ్ణి సాగనంపితే తప్ప కార్ఖానా నిలబడని స్థితి ఏర్పడింది. అందుకు తగిన ధనం బెంజ్ వద్ద లేదు. ఆ సమయాన అతనికి బాసటగా నిలిచినది బెర్తా రింగర్. ఆమె ఫోర్ట్స్‌హైమ్‌లో గృహనిర్మాణం చేసే ఒక సంపన్నుని కుమార్తె. బెంజ్‌తో అప్పటికి నిశ్చితార్థం జరిగింది. పుట్టినింటివారు తనకై ఉద్దేశించిన కట్నపు ధనాన్ని ఆమె పెండ్లికి ముందే ఇప్పించి కార్ఖానాలో పెట్టించింది. 1872 జులై 20న వారి వివాహం జరిగింది. ఆమె కట్టుకున్నది చేతిలో చిల్లిగవ్వ లేని ఒక ఇంజనీరును, అతని కలను కూడ.

పెండ్లయిన మరుసటి యేడే, 1873లో, యూరపు అంతటా ఆర్థికమాంద్యం వ్యాపించింది. కట్టడాలు ఆగిపోవడంతో, కట్టడాలకు కావలసిన ఇనుప సామగ్రి తయారు చేస్తున్న బెంజ్ కార్ఖానాకు పని లేకపోయింది. పిల్లలు పుడుతున్నారు, అప్పులు పెరుగుతున్నాయి. పనిముట్లు జప్తు కావలసిన స్థితి కూడ వచ్చింది. ఇట్టి స్థితిలో సామాన్యుడైతే ఏదో ఒక ఉద్యోగం వెదుకుకొని ఉండేవాడు. బెంజ్ మాత్రం కొత్త ఇంజనును తయారు చేసి అమ్మితేనే ఈ ఊబినుంచి బయటపడగలనని నిశ్చయించుకున్నాడు. కాని నాలుగు దశల ఇంజను మీద 1877 నుంచి ఆటోకు పేటెంటు హక్కు ఉన్నది. అందువల్ల అతడు రెండు దశల ఇంజనును రూపొందించవలసి వచ్చింది. నాలుగు దశల ఇంజనులో ఇరుసు రెండు చుట్లు తిరిగితే ఒకసారి ఇంధనం మండుతుంది; రెండు దశల దానిలో ప్రతి చుట్టుకూ మండుతుంది. చెప్పడానికి సులభమే కాని, మిశ్రమాన్ని సకాలంలో లోపలికి పంపడం, పొగను సకాలంలో బయటికి నెట్టడం ఎంతో సున్నితమైన పని. రెండేండ్లపాటు ఆ యంత్రం మొరాయిస్తూనే ఉన్నది.

1879 డిసెంబరు 31వ తేది రాత్రి. లోకమంతా కొత్త సంవత్సరానికి స్వాగతం పలకడానికి సిద్ధమవుతున్నది. భోజనాలైన తరువాత, మరొక్కసారి కార్ఖానాకు పోయి ప్రయత్నిద్దామని బెర్తాయే భర్తను బయలుదేరదీసింది. బెంజ్ ఇంజనును తిప్పాడు. ఈసారి అది ఆగలేదు. దంపతులిద్దరు ఆ చిన్న కొట్టంలో నిలబడి, క్రమం తప్పని ఆ చప్పుడును చాలాసేపు విన్నారు. అంతలో ఊరిలోని చర్చి గంటలు నూతన సంవత్సరాన్ని ప్రకటిస్తూ మ్రోగినవి. ఆ గంటలు తమ యంత్రం కోసమే మ్రోగుతున్నవని వారికి తోచిందని బెంజ్ ముసలితనంలో తన ఆత్మకథలో జ్ఞాపకం చేసుకున్నాడు.

ఇంజను నడిచింది కాని కష్టాలు తీరలేదు. ఇంజను తయారీకి పెట్టుబడి కావలసి, 1882లో బ్యాంకుల ఒత్తిడిమీద కార్ఖానాను వాటాల కంపెనీగా మార్చవలసి వచ్చింది. ఆ కంపెనీలో బెంజ్‌కు దక్కినది నూటికి 5 వాటాలు మాత్రమే. తన పేరుతో పెరిగిన కార్ఖానాలో తన మాట చెల్లకపోవడం చూచి, 1883లో అతడు కట్టుబట్టలతో బయటికి వచ్చేశాడు. అదృష్టవశాత్తు మాన్‌హైమ్‌లో సైకిళ్ల వర్తకం చేస్తున్న మాక్స్ రోజ్, ఎస్లింగర్ అనే ఇద్దరు అతనికి చేయూతనిచ్చారు. 1883 అక్టోబరులో బెంజ్ కంపెనీ వెలసింది. నేలకు బిగించే గ్యాసు ఇంజనులు బాగా అమ్ముడుపోయినవి. జీవితంలో మొదటిసారిగా బెంజ్‌కు నెల గడుస్తుందా లేదా అన్న చింత తగ్గింది. అప్పుడు అతడు తన పాత కలను తిరిగి కదిలించాడు. అప్పటికి ఆటో పేటెంటు హక్కు వివాదంలో పడింది. 1886లో అది రద్దు కూడ అయింది. ఆ వివాదం నడుస్తూండగానే బెంజ్ నాలుగు దశల పద్ధతిలో బండికి తగిన ఇంజనును తయారు చేయనారంభించాడు.

1885లో తయారైన ఆ బండికి మూడు చక్రాలు. ముందు రెండు చక్రాలను ఒకేసారి సరియైన కోణంలో త్రిప్పే ఉపాయం అప్పటికి తనకు తృప్తికరంగా కుదరలేదు గనుక బెంజ్ ముందు ఒకే చక్రాన్ని ఉంచాడు. చట్రాన్ని ఉక్కు గొట్టాలతో, చక్రాలను సైకిలు చక్రాలవలె సన్నని తీగకమ్ములతో తేలికగా నిర్మించాడు. వెనుక ఒకే సిలిండరు గల ఇంజను. శక్తి ముప్పాతిక అశ్వశక్తి మాత్రమే. నిమిషానికి సుమారు 400 చుట్లు తిరిగే ఆ ఇంజను బండిని గంటకు 16 కిలోమీటర్ల వేగంతో నడిపేది. ఇంధనాన్ని మండించడానికి బ్యాటరీనుంచి విద్యుత్తు పంపి నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటు ఉన్నది. ఇంజను వేడిని నీరు ఆవిరైపోతూ తీసుకుపోయేది. మలుపు తిరిగేటప్పుడు వెలుపలి చక్రం లోపలి చక్రంకంటె ఎక్కువ దూరం పోవలసి ఉంటుంది గనుక, రెండు చక్రాలు వేరు వేరు వేగాలతో తిరగడానికి వీలుగా డిఫరెన్షియల్ అమర్చాడు. నిలువుగా తిరిగే పెద్ద ఫ్లైవీలు బండి మలుపుకు అడ్డుపడుతుందేమోనన్న శంకతో దానిని అడ్డంగా పడుకోబెట్టాడు. ఇంత జాగ్రత్తపడినా తొలి పరీక్షలలో ఆ బండి మాట వినక ఒకసారి గోడకు గుద్దుకున్నది.

బెంజ్‌కూ తక్కినవారికీ ఉన్న తేడా ఇక్కడనే ఉన్నది. ఆ కాలంలోనే, మాన్‌హైమ్‌కు ఎంతో దూరం లేని కాన్‌ష్టాట్‌లో గోట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాఖ్ అనే ఇద్దరు ప్రతిభావంతులు వేగంగా తిరిగే తేలికైన ఇంజనును తయారు చేసి, 1885లో ఒక ద్విచక్రవాహనానికీ, 1886లో ఒక గుర్రపుబండికీ అమర్చారు. వారి దృష్టి ఇంజను మీద. దానిని బండికైనా పడవకైనా దేనికైనా తగిలించవచ్చునని వారి భావం. బెంజ్ మాత్రం గుర్రపుబండినుంచి గుర్రాన్ని విప్పి ఇంజనును కట్టలేదు. ఇంజను, చట్రం, చక్రాలు అన్నీ ఒకే ప్రాణికి అవయవాలన్నట్లు కొత్త వాహనాన్నే కల్పించాడు. 1886 జనవరి 29న దానికై పేటెంటు హక్కును కోరుతూ దరఖాస్తు పెట్టాడు. 37435 సంఖ్యగల ఆ పేటెంటు పత్రాన్నే లోకం మోటారుకారుకు జన్మపత్రికగా భావిస్తున్నది.

1886 జులై 3న మాన్‌హైమ్ వీధిలో ఆ బండి బహిరంగంగా నడిచింది. ఇంధనం అయిపోతే పోయడానికై పెద్దకుమారుడు ఆయిగెన్ సీసా పట్టుకొని ప్రక్కన పరుగెత్తినాడట. పత్రికలు వార్త వేసినవి కాని, కొనడానికి ఎవరూ ముందుకు రాలేదు. గుర్రాలు బెదురుతున్నవని కొందరు, కంపు కొడుతున్నదని కొందరు, చక్కని గుర్రాలు ఉండగా ఈ యంత్రం దేనికని కొందరు ఆక్షేపించారు. దీనితోపాటు బెంజ్ స్వభావం కూడ ఒక అడ్డంకి అయింది. అతడు బండిని అమ్మడానికంటె దిద్దడానికే ఎక్కువ ఇష్టపడేవాడు. ఏ చిన్న లోపం కనబడినా తిరిగి విప్పి, తిరిగి బిగించి, కార్ఖానా చుట్టుప్రక్కలనే నడిపి చూచుకొనేవాడు. 1888 ఆగస్టు 1న బాడెన్ ప్రభుత్వం అతనికి బండి నడపడానికి వ్రాతమూలకమైన అనుమతి ఇచ్చింది. నేటి డ్రైవింగు లైసెన్సులకు అదే ఆది. అయినా ఆ బండి దూరప్రయాణానికి పనికి వస్తుందని లోకానికి రుజువు కాలేదు. రుజువు చేసే సాహసం బెంజ్‌కు లేకపోయింది.

ఆ పనిని బెర్తా చేసింది. 1888 ఆగస్టులో ఒకనాటి వేకువన, భర్తకు ముందుగా చెప్పకుండా, పదునైదేండ్ల ఆయిగెన్‌ను, పదమూడేండ్ల రిఖార్డ్‌ను వెంటబెట్టుకొని, ఆమె కొట్టంలోనుంచి బండిని బయటికి తీయించింది. ఫోర్ట్స్‌హైమ్‌లోని తన పుట్టింటికి పోతున్నానన్నది పైకి కారణం. దూరం సుమారు 100 కిలోమీటర్లు. అప్పటికి లోకంలో ఎవరూ అట్టి బండిమీద అంత దూరం పోయి ఉండలేదు. పెట్రోలు బంకులు లేవు, బాగుచేసేవారు లేరు, బాటలు గుర్రాలకు ఏర్పడినవే కాని ఇంజనులకు కావు.

దారిలో ఒకదాని తరువాత ఒకటిగా అవాంతరాలు ఎదురైనవి. ఇంధనం అయిపోయినప్పుడు వీస్లోఖ్ అనే ఊరిలో ఒక మందుల దుకాణంలో, మరకలు పోగొట్టడానికి అమ్మే లిగ్రోయిన్ అనే తేలిక పెట్రోలియం ద్రవాన్ని కొన్నది. ఆ దుకాణమే లోకంలో మొట్టమొదటి పెట్రోలు బంకు అని ఆ ఊరివారు నేటికీ గర్వంగా చెప్పుకొంటారు. ఇంధనం వచ్చే గొట్టంలో మట్టి అడ్డుపడితే తన టోపీకి గుచ్చుకున్న పొడుగుపిన్ను తీసి దానిని శుభ్రం చేసింది. నిప్పురవ్వ పుట్టించే తీగ ఒరుసుకుపోతే, మేజోడును పట్టి ఉంచే సాగుపట్టీని చుట్టి దానిని కాపాడింది. గొలుసు పాడైతే ఒక కమ్మరిచేత బాగుచేయించింది. ఎత్తు ఎక్కలేక బండి నిలిచిపోయినప్పుడు తల్లీకొడుకులు దిగి నెట్టినారు. పల్లం దిగేటప్పుడు కొయ్యబ్రేకు అరిగిపోతే, చెప్పులు కుట్టే పనివానిచేత దానిమీద తోలు వేయించింది. కనబడిన ప్రతి నీళ్లచోట ఆగి ఇంజనుకు నీరు పోస్తూ, చీకటి పడేవేళకు వారు ఫోర్ట్స్‌హైమ్ చేరి, క్షేమంగా చేరినామని బెంజ్‌కు తంతి ఇచ్చారు. కొన్ని దినాల తరువాత ఆ బండిమీదనే తిరిగి వచ్చారు.

ఈ ప్రయాణాన్ని ఒక సాహసగృహిణి చేసిన వింత విహారంగా మాత్రమే చెప్పుకోవడం పరిపాటి. కాని అందులోని అసలు విశేషం వేరు. కార్ఖానా ఆవరణలో ఎన్ని సంవత్సరాలు నడిపినా బయటపడని లోపాలు ఒక్కదినంలో బయటపడినవి. ఎత్తు ఎక్కడానికి తక్కువ వేగం గల మరొక గేరు కావాలన్న సంగతి, బ్రేకుకు తోలు కావాలన్న సంగతి బెర్తా తెచ్చిన అనుభవం వల్లనే తెలిసివచ్చినవి. బెంజ్ ఆ మార్పులు చేశాడు. గుర్రం లేని బండి ఒక నగరంనుంచి మరొక నగరానికి పోగలదని దారిపొడుగునా ప్రజలు తమ కండ్లతో చూచారు. బండిని నిర్మించినది బెంజ్ అయితే, అది వాహనమని నిరూపించినది బెర్తా. పేటెంటు పత్రం మీద ఆమె పేరు లేదు. అయినా ఆ కార్ఖానాకు తొలి పెట్టుబడి పెట్టినదీ, ఆ బండికి తొలి దూరప్రయాణపు పరీక్ష పెట్టినదీ ఆమెయే.

అదే సంవత్సరం మ్యూనిక్ ప్రదర్శనలో ఆ బండికి స్వర్ణపతకం లభించింది. ఆ తరువాత కూడ స్వదేశంలో కంటె ముందు ఫ్రాన్సులోనే కొనుగోలుదార్లు దొరికారు. పారిసులో ఎమీల్ రోజె అనే వర్తకుడు బెంజ్ బండ్లను అమ్మనారంభించాడు. జర్మనీలో ప్రభుత్వపు నిబంధనలు అడ్డం వచ్చినవి. ఊరిలో గంటకు 6 కిలోమీటర్లు, ఊరి బయట 12 కిలోమీటర్లు మించరాదని బాడెన్ ప్రభుత్వం శాసించింది. మనిషి గబగబ నడిస్తే ఆ వేగం వస్తుంది. ఈ సందర్భంలో ఒక కథ ప్రచారంలో ఉన్నది. ప్రభుత్వంలోని ఒక మంత్రిని బెంజ్ తన బండిలో విహారానికి పిలిపించి, నిబంధన తప్పకుండా మెల్లమెల్లగా నడిపించాడట. అంతలో ఒక పాలబండి వెనుకనుంచి వచ్చి, దానిని నడిపేవాడు ఎకసక్కెమాడుతూ ముందుకు పోయేసరికి, వేగం పెంచమని మంత్రియే తొందరపెట్టాడట. నిబంధనలో ఉన్న అవివేకాన్ని వాదంతో కాక అనుభవంతో తెలియజెప్పిన ఆ ఉపాయం బెంజ్ స్వభావానికి తగినట్లే ఉన్నది.

1893లో ముందు రెండు చక్రాలను సరిగా త్రిప్పే ఏర్పాటుకు అతడు పేటెంటు పొందాడు. ఎనిమిదేండ్ల క్రితం తన్ను మూడు చక్రాలకు కట్టిపడవేసిన సమస్య అట్లా తీరింది. ఆ యేటనే విక్టోరియా అనే నాలుగు చక్రాల కారు, 1894లో వెలో అనే చిన్న కారు బయలుదేరినవి. వెలో వెల 2,000 మార్కులు. ఒకే నమూనాలో సుమారు 1,200 కార్లు తయారైనవి. అంతవరకు ఒక్కొక్క కారును విడివిడిగా చెక్కినట్లు తయారుచేసే లోకానికి అది కొత్త. 1895లో జర్మనీలో ప్రయాణికుల మోటారు బస్సు కూడ బెంజ్ బండితోనే మొదలయింది. 1890లో సుమారు 50 మంది పనివారున్న కార్ఖానాలో 1899 నాటికి 430 మంది ఉన్నారు. ఆ ఒక్క సంవత్సరంలో 572 కార్లు తయారై, బెంజ్ కంపెనీ లోకంలోకెల్లా పెద్ద మోటారుకార్ల సంస్థగా నిలిచింది.

ఆ శిఖరంమీద అతడు ఎంతోకాలం నిలువలేదు. డైమ్లర్ 1900లో మరణించినా, ఆ సంస్థలో మైబాఖ్ 35 అశ్వశక్తి గల కొత్త కారును రూపొందించాడు. ఆ సంస్థకు పెద్ద కొనుగోలుదారైన యెలినెక్ అనే వర్తకుని కుమార్తె పేరుమీద దానికి మెర్సిడిస్ అని నామకరణం జరిగింది. 1901లో ఆ కారు పందెములలో ప్రత్యక్షం కాగానే బెంజ్ కార్లు పాతకాలపు బండ్లవలె కనబడినవి. 1900లో 603 కార్లు అమ్మిన బెంజ్ కంపెనీ మరుసటి యేడు 385 మాత్రమే అమ్మగలిగింది. గంటకు 50 కిలోమీటర్లకు మించిన వేగం మనిషికి అవసరం లేదని బెంజ్ అభిప్రాయం. కారు మనిషి ప్రయాణానికి కాని పందెములకు కాదని అతని పట్టుదల. భాగస్వాములు మాత్రం అతని మాట ప్రక్కకు నెట్టి, కొత్త నమూనాల కోసం ఫ్రాన్సునుంచి నిపుణులను రప్పించారు. తాను స్థాపించిన కర్మాగారంలో తనకు తెలియకుండానే తన పని మరొకరికి అప్పగించడం సహింపలేక, 1903లో బెంజ్ బయటికి వెళ్లిపోయాడు. 1883లో జరిగిన చరిత్రే ఇరవై యేండ్లకు మళ్లీ జరిగింది. 1904లో పర్యవేక్షకసభలో సభ్యుడుగా తిరిగి వచ్చాడు కాని, పూర్వపు అధికారం ఇక అతనిది కాదు.

విధివైపరీత్యం ఏమంటే, వేగం వద్దన్న అతని పేరుతోనే 200 అశ్వశక్తి గల బెంజ్ కారు ఒకటి 1909లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ పందెపుబాటమీద గంటకు 200 కిలోమీటర్ల వేగాన్ని మించింది. 1911లో అమెరికాలో 228 కిలోమీటర్లకు చేరింది. వేగాన్ని గురించి బెంజ్ వేసుకున్న అంచనా తప్పని కాలం రుజువు చేసింది. ప్రతి లోపాన్నీ దిద్దనిదే కదలరాదన్న గుణమే అతనిచేత మొదటి కారును తయారు చేయించింది. ఆ గుణమే, కాలం పరుగెత్తుతూన్నప్పుడు, అతణ్ణి వెనుకకు లాగింది. అయితే రహదారులమీద నిత్యం జరుగుతున్న ప్రాణనష్టాన్ని చూచేవారికి, వేగాన్ని గురించి ఆ వృద్ధుడు పడిన సంకోచం అంతా చాదస్తమే అనిపించదు.

నెకార్ నది ఒడ్డున లాడెన్‌బుర్గ్ అనే చిన్న పట్టణంలో బెంజ్ దంపతులు శేషజీవితం గడిపారు. 1906లో అక్కడ కుమారులతో కలిసి మరొక చిన్న కంపెనీ పెట్టి కొన్ని వందల కార్లు తయారు చేశాడు. 1914లో తాను చదువుకున్న కార్ల్స్‌రూయె విద్యాలయమే అతనికి గౌరవ డాక్టరు పట్టమిచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత జర్మనీ ఆర్థికంగా కుంగిపోగా, ఏండ్ల తరబడి పోటీపడిన డైమ్లర్, బెంజ్ కంపెనీలు రెండూ విడివిడిగా నిలువలేక 1926 జూన్‌లో ఒక్కటైనవి. డైమ్లర్ కంపెనీ మూడు కోణాల నక్షత్రం, బెంజ్ కంపెనీ లారెల్ ఆకుల దండ ఒకే ముద్రలో కలిసినవి. ఇద్దరు మార్గదర్శకులు బ్రతికి ఉండగా ఒకరినొకరు కలుసుకోలేదంటారు. వారి పేర్లు మాత్రం విడదీయరానివైనవి.

1929 ఏప్రిల్ 4న, ఎనభైనాలుగేండ్ల వయస్సులో, కార్ల్ బెంజ్ లాడెన్‌బుర్గ్‌లోని స్వగృహంలో కన్నుమూశాడు. బెర్తా ఆ తరువాత పదునైదేండ్లు జీవించింది. 1944 మే 3న తొంబదియైదవ జన్మదినాన కార్ల్స్‌రూయె విద్యాలయం ఆమెకు గౌరవ సెనేటరు పదవినిచ్చి సత్కరించింది. స్త్రీలకు ఉన్నతవిద్య తలుపులు మూసి ఉన్న కాలంలో పుట్టిన ఆమెకు ఆ గౌరవం ఎంత ఆలస్యంగా దక్కిందో, రెండు దినాలకే, మే 5న, ఆమె మరణించడం తెలియజేస్తున్నది. 2008లో మాన్‌హైమ్‌నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కు ఆమె పోయివచ్చిన దారిని ఆమె పేరుతో స్మారకమార్గంగా గుర్తించారు. 2011లో బెంజ్ పేటెంటు పత్రాన్ని యునెస్కో సంస్థ ప్రపంచస్మృతి పట్టికలో చేర్చింది.

పాఠ్యపుస్తకాలలో ఒక నూతన కల్పనకు ఒక పేరు, ఒక సంవత్సరం మాత్రమే ఉంటాయి. మోటారుకారు – కార్ల్ బెంజ్ – 1886 అని విద్యార్థి కంఠస్థం చేస్తాడు. ఆ పంక్తి తప్పు కాదు. కాని దాని వెనుక విద్యార్థులకు వండిపెట్టి కుమారుణ్ణి చదివించిన ఒక తల్లి ఉన్నది. లెక్క వేయనిదే ముందుకు పోరాదని నేర్పిన ఒక ఉపాధ్యాయుడున్నాడు. లెక్కలన్నీ పూర్తయినా కదలని బండిని ధైర్యంతో బాట ఎక్కించిన ఒక ఇల్లాలు ఉన్నది. ఉపాధ్యాయుడు ఆ పంక్తిని నల్లబల్లమీద వ్రాసేటప్పుడు, కట్నపు ధనాన్ని, టోపీపిన్నును, అరిగిన బ్రేకుమీద వేసిన తోలుముక్కను కూడ పిల్లలకు చెప్పగలిగితే, ఆ సంవత్సరం వారికి వేరుగా కంఠస్థం చేయవలసిన పని ఉండదు.